కంచు టోపీలో పరుగు

భయం అనగానే మీ వయసువాళ్ళకు దయ్యమో, పరీక్షో, మధ్యలో ఆగిపోయిన లిఫ్టో గుర్తుకు వస్తుంది. నాకు తాడు గుర్తుకు వస్తుంది. ఒక కొస చేతిలో పట్టుకుని, ఒకసారి లాగి, అవతలినుంచి జవాబు కోసం ఎదురుచూసే తాడు.

ఇప్పుడు నేను సింగపూరులో, బుకిట్ పంజాంగ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. సాయంత్రం ఫ్లాట్ల కింద బల్ల మీద కూర్చుంటే, ఆఫీసులనుంచి వచ్చే మన కుర్రాళ్ళు పలకరిస్తారు. "అంకుల్, మీరూ ఒకప్పుడు ఇక్కడే పనిచేశారట కదా, ఏ కంపెనీ?" అంటారు. "ఐటీ కంపెనీయే బాబూ, సైన్స్ పార్కులో" అంటాను. "ఏం పోస్టు?" అంటారు. "పరుగుపందెగాడిని" అంటాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ముసలాయనకు మతి చెదిరిందనుకుంటారు కాబోలు. ఆ కుర్రాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు. అక్షరాలు మా అమ్మాయి దిద్దింది. సంగతులు మాత్రం దిద్దనివ్వలేదు.

నేను శ్రీకాకుళం వైపు వాడిని. సింగపూరుకు వచ్చింది ఓడల యార్డులో పనికి. పెద్ద పెద్ద చమురు ఓడల కడుపులోకి దిగి, గోడలకు పట్టిన జిడ్డు గోకి, ఊడ్చి పైకి పంపడం మా జట్టు పని. ఓడ ట్యాంకు అంటే మీకు ఎలా చెప్పాలి? మూడంతస్తుల ఇంటికి కిటికీలు లేకుండా చేసి, పైకప్పులో మనిషి పట్టే కన్నం ఒకటి పెట్టి, ఎండలో పడేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దిగేవాడి నడుముకు తాడు కడతాం. పైన కన్నం దగ్గర ఒకడు ఆ తాడు కొస పట్టుకుని కూర్చుంటాడు. వాడికి వేరే పని ఉండదు. ఉండకూడదు. పైవాడు ఒకసారి లాగితే "ఉన్నావా?" అని. లోపలివాడు ఒకసారి లాగితే "ఉన్నాను" అని. మేము దాన్ని తాడు పలకడం అనేవాళ్ళం.

మా మేస్త్రీ మా పక్క ఊరివాడే. రోజూ దిగేముందు ఒకే మాట చెప్పేవాడు. "తాడు పలక్కపోతే ఎవుడూ దిగొద్దొరే. కేకెయ్యండి, గాలి గొట్టం వదలండి, లాగండి. అంతేగాని దిగొద్దు. దిగినోడు ఇంకోడవుతాడు."

ఒక రోజు మధ్యాహ్నం కన్నం దగ్గర నేను కూర్చున్నాను. తాడు లాగాను. పలకలేదు. మళ్ళీ లాగాను. బరువుగా ఉంది కాని పలకలేదు. నేను కేక పెట్టేలోపల, నా పక్కనున్నవాడు, లోపలివాడికి బావమరిది, మేస్త్రీ అరుస్తున్నా వినకుండా దిగిపోయాడు. వాడి తాడు కూడా నా చేతికే ఇచ్చాడు. కాసేపటికి నా రెండు చేతుల్లో రెండు తాళ్ళు, రెండూ పలకనివి. అందరం కలిసి లాగాం. ఇద్దరూ పైకి వచ్చారు. ఒక్కడే లేచి కూర్చున్నాడు. లేచినవాడు మొదట దిగినవాడు.

ఆ తరవాత నేను ట్యాంకులోకి దిగలేకపోయాను. పైన తాడు పట్టుకోలేకపోయాను. మేస్త్రీ జాలిపడి డెక్కు కడిగే పనిలో పెట్టాడు. అదైనా ఎన్నాళ్ళని?

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో, మేము భోంచేసే మెస్సులో ఒక హైదరాబాదీ కుర్రాడు నా ఎదురుగా కూర్చున్నాడు. ఇంజనీరు. ముసల్మాను పిల్లవాడు, ముప్పై కూడా నిండి ఉండవు. మనిషిలో వినయం, మాటలో సరదా. అప్పుడు ఎవరిని కదిపినా కంప్యూటరే, ఎవరి నోట విన్నా డాట్‌కామే. కాలేజీ దాటని పిల్లలు కంపెనీలు పెట్టేవారు. ఈయన పనిచేసేదీ అలాంటి కంపెనీయే.

"మా దగ్గర ఇసుక ఎత్తి పోసేటందుకు, నూనె తుడిచేటందుకు మనిషి గావాలె అన్నా. వస్తవా?" అన్నాడు.

"ఐటీ కంపెనీలో ఇసకేటి బాబూ?" అన్నాను.

"అదే కదా మజా. వచ్చి చూడు."

వెళ్ళి చూశాను. పై అంతస్తులో ఆఫీసు వెనక ఒక పొడుగాటి గిడ్డంగి, సినిమా హాలంత ఉంటుంది. అందులో వాళ్ళు పాతకాలపు గ్రీకు దేశం కడుతున్నారు. వేల ఏళ్ళ కిందట గ్రీకులు, రోమనులు ఆటలు ఆడుతుంటే ఆడేవాడి కంటికి, ముక్కుకు, చెవికి, చర్మానికి ఎలా ఉండేదో అలా ఉండే గది. ఎగ్జిబిషన్లకు అమ్ముతారట. జనం చీకటి గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పరుగెత్తేవాడి గుండె, ఊపిరి వింటారట. ఆ వాసనలు, ఆ వేడి వాళ్ళ గదిలోకీ వస్తాయట. ముందు నాకు నవ్వు వచ్చింది. పరుగు చూడడానికి ఎవరైనా టిక్కెట్టు కొంటారు గాని, పరుగెత్తేవాడి చెమట వాసన ఎవరు కొంటారు?

ఇంజనీరు బాబు ఆ గ్రీకుల పుస్తకాలన్నీ చదివినవాడు. పని చేస్తూ నాకు కథలు చెప్పేవాడు. ఆటగాళ్ళు ఒంటినిండా ఆలివ్ నూనె పట్టించుకునేవారట. దాని మీద సన్నటి మట్టి చల్లుకునేవారట. ఆట అయ్యాక కొడవలిలా వంగిన కంచు పలకతో ఆ నూనె, మట్టి, చెమట కలిపి గోకేసుకునేవారట.

"ఆ గోకిన మడ్డి పారేసెటోళ్ళు కాదు అన్నా, అమ్మెటోళ్ళు. నొప్పులకు మందు."

"చీ! ఎవుడు కొంటాడు బాబూ?"

"పహిల్వాన్ చెమట అన్నా! ఉత్తగనే దొరుకుతదా?"

"నూనె రాసుకున్నాక మట్టెందుకు? నలుగు పెట్టుకున్నట్టా?" అని అడిగాను. మా ఇంట తలంటు రోజున ముందు నూనె, తరవాత సున్నిపిండి. అదే అనుకున్నాను.

"కాదు. నూనె మీద చెయ్యి జారుతది. మట్టి పడితే పట్టు దొరుకుతది. కుస్తీల అవతలోడిని పట్టుకునేటందుకు." నా జిడ్డు చేతిని ఇసుకలో ముంచి, తన మణికట్టు పట్టుకోమన్నాడు. జారలేదు. "చూసినవా? గింతే సైన్సు."

ఆ మాట అప్పుడు ఆటలా విన్నాను.

పరుగుకు మొదట కాలేజీ కుర్రాళ్ళను తెచ్చారు. గ్రీకులు ఉత్త కాళ్ళతో, కాలే ఇసుకలో పరుగెత్తారు కాబట్టి వీళ్ళూ అలాగే పరుగెత్తాలి. పైన ఎండలా మండే దీపాలు పెట్టి ఇసుకను కాల్చేవారు. ఆ పిల్లల పాదాలు బూట్లలో పెరిగినవి. బొబ్బలెక్కి, ఒకడి తరవాత ఒకడు రావడం మానేశారు. అప్పుడు మా మేడమ్, సింగపూరు చైనావాళ్ళ అమ్మాయి, అంతా ఆవిడదే పెత్తనం, నా కాళ్ళకేసి చూసింది. నేను ఆ ఇసుకలోనే ఉత్త కాళ్ళతో పార పట్టుకుని తిరుగుతున్నాను.

"అంకుల్, యూ రన్, కెన్?" అంది.

నాకు వచ్చిన ఇంగ్లీషులో సగం అదే మాట. "కెన్ లా, మేడమ్" అన్నాను. నా నోరే నన్ను ముంచిందని టోపీ చూశాకగాని తెలియలేదు.

ఆ పరుగు మామూలు పరుగు కాదు. చేతికి డాలు, తలకు కంచు టోపీ పెట్టుకుని పరుగెత్తే పందెం. ఆ టోపీ చెవులు, బుగ్గలు, మెడ అన్నీ మూసేస్తుంది. కళ్ళకు సన్నటి సందు. ముక్కు కింద ఒక చీలిక. మిగతా ఒంటి మీద గ్రీకులకు గోచీ కూడా ఉండేది కాదట. ఆ ఒక్క విషయంలో నేను గ్రీకు దేశాన్ని ఒప్పుకోలేదు. గోచీ పెట్టుకున్నాను.

ఒళ్ళంతా నూనె పట్టించారు. కొత్త గడ్డి కోసినట్టు పచ్చి వాసన ఆ నూనెది. మట్టి చల్లారు. గుండె మీద, పక్కటెముకల మీద వైర్లు అంటించి, వాటి పెట్టెను నడుముకు కట్టారు. టోపీలో గోరంత మైకు పెట్టారు. ఇంజనీరు బాబు టోపీ నా తలకు దించి, గడ్డం కింద పట్టీ బిగించాడు.

అంతే. లోకం పోయింది.

ఆ బాబు పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. నా ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, దూరంగా ఎక్కడో ఎవరో వేరే మనిషి పీల్చుకుంటున్నట్టు, ఇనుప గోడకు తగిలి తిరిగి వస్తున్నట్టు. నా మొహం వేడి నాకే కొడుతోంది. జిడ్డు వాసన. అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు కన్నం పైన కూర్చుని తాడు లాగిన నాకు తెలియనిది, లోపల పడి ఉన్నవాడికి ఏం వినిపించి ఉంటుందో, అది తెలిసింది. వాడికి పైనుంచి మేస్త్రీ అరుపు వినపడలేదు. బావమరిది దిగుతున్న చప్పుడూ వినపడలేదు. తన ఊపిరే వినబడింది, తెలివి తప్పేదాకా.

టోపీ పీకి పారేశాను. నేల మీద పడి గంటలా మోగింది.

"క్యా అన్నా! గింత పెద్ద మనిషివి, టోపీకి భయపడ్తవా?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అప్పుడు ట్యాంకు సంగతి మొత్తం చెప్పాను. మా ఊళ్ళో కూడా ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు.

"నానీ పని సెయ్యలేను బాబూ. పార పనైతే సేస్తాను. ఇందులో తల ఎడితే సచ్చినోడు గుర్తొస్తన్నాడు" అన్నాను.

ఆయన కింద పడ్డ టోపీ తీసి పక్కన పెట్టాడు. తరవాత, "తాడు ఉంటే చేస్తవా?" అన్నాడు.

"ఎవుడు పడతాడు?"

"నేను పట్టుకుంట. నువ్వు లాగుడు, నేను లాగుడు. వేరే పని పెట్టుకోను. అల్లా కసమ్."

మేడమ్‌కు చెబితే ఒప్పుకోదు. గ్రీకు పరుగులో తాడేమిటి అంటుంది. అందుకని సన్నటి నల్ల నైలాన్ తాడు తెచ్చాడు. గిడ్డంగి వెనక తలుపు కింద రబ్బరు అంచు సందులోంచి లోపలికి పంపాడు. ఒక కొస నా నడుముకు, చుట్ట తన చేతిలో. ఆ తలుపు తెరిస్తే ముందు వంగి నడవాల్సిన చీకటి సొరంగం. గ్రీకు ఆటగాళ్ళు అలాంటి సొరంగంలోంచే మైదానంలోకి వచ్చేవారట. దాని అవతల ఇసుక, దీపాలు, చివర తిరగాల్సిన రాతి స్తంభం. స్తంభం చుట్టూ తిరిగి మళ్ళీ సొరంగానికే రావాలి.

సాధన చేసినన్నాళ్ళు తాడు బాగానే పలికింది. సొరంగంలో కూర్చుని లాగేవాడిని, "ఉన్నాను" అని వచ్చేది. దీపాలు వెలిగేవి, బూర మోగేది, జనం అరుపు స్పీకర్లలోంచి మీద పడేది. స్తంభం దాకా పరుగెత్తి ఆగి, లాగేవాడిని. ఆ చివరనుంచి కూడా జవాబు వచ్చేది. భయం పోలేదు గాని, నడుము దగ్గర ఒక మనిషి ఉన్నట్టు ఉండేది. వెనక్కి నడుస్తూ తాడు చుట్టుకుంటూ వచ్చేవాడిని. పూర్తి పరుగు, తిరిగి రావడంతో సహా, ఒక్కసారి కూడా చేయలేదు. ఆ వేడిలో నేను రెండు దూరాలు పరుగెత్తితే కొనేవాళ్ళు వచ్చే రోజుకు పడిపోతానని మేడమ్ వద్దంది. మాకూ అది తోచలేదు. నేను ట్యాంకు మనిషిని. ట్యాంకులో తాడు పైనుంచి కిందికి తిన్నగా పోతుంది. చుట్టూ తిరిగి రావడం దానికి తెలియదు, నాకూ తెలియదు.

కొనేవాళ్ళు వచ్చిన రోజు పొద్దున ఆ బాబు టై కట్టుకుని వచ్చాడు. "నా మొహం ఎట్లుంది అన్నా?" అన్నాడు.

"పెళ్ళికొడుకులాగున్నావు. నా మొహమే సూడు, టోపీలో దాసీడానికే పనికొస్తాది."

"ఇయ్యాల్టితోని అయిపోతది. రేపటినుంచి టోపీ నీకు గిన్నె, అన్నం తిను అందుల."

ఇద్దరం నవ్వాం. గదిలోకి దారి ఆ వెనక తలుపు ఒక్కటే, దానికి లోపలివైపు పిడి ఇంకా బిగించలేదు. పని పూర్తికాకుండానే అమ్మేయాలని తొందర, అప్పటి కంపెనీలన్నిటిదీ అదే తొందర. స్ప్రింగు బలంగా ఉండి, తెరిచి వదిలితే దానంతటదే మూసుకునేది.

కొనేవాళ్ళు ముందు గదిలో, గోడ అవతల హెడ్‌ఫోన్లతో కూర్చున్నారు. మేడమ్ వాళ్ళ దగ్గర. నేను సొరంగంలో. ఆ బాబు తలుపు బయట నడవాలో, ఒక్కడే.

తలుపు మూసుకుంది. చీకటి. గ్రీకులు ఆటలప్పుడు బలి ఇచ్చే ఎద్దు కొవ్వు కాలుతున్న వాసన రావాలని ఆ రోజు పళ్ళెంలో పొగ కూడా పెట్టారు. సాంబ్రాణి సెరంగూన్ రోడ్డులో నేనే కొని తెచ్చాను. కొవ్వు కాలే వాసన, సాంబ్రాణి వాసన కలిసి గుడిలో మటన్ వండినట్టు ఉంది. నా ఊపిరి టోపీలో మొదలైంది. లాగాను. జవాబు వచ్చింది. సరే, ఆ బాబు ఉన్నాడు.

బూర. దీపాలు. పరుగెత్తాను.

కాళ్ళ కింద ఇసుక మండుతోంది. సన్నటి సందులోంచి స్తంభం ఒక్కటే కనిపిస్తోంది, ఊగుతూ. డాలు భుజాన్ని లాగేస్తోంది. నూనె, చెమట కలిసి కళ్ళలోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి లేదు. స్తంభం దగ్గర తిరిగాను. సగం దూరం వెనక్కి వచ్చానో లేదో, ఎవరో వెనకనుంచి నడుము పట్టి లాగినట్టయింది. బోర్లా పడ్డాను. టోపీ నుదుటికి కొట్టుకుంది.

కాసేపు ఎక్కడున్నానో తెలియలేదు. తెలిశాక చేసిన మొదటి పని తాడు లాగడం. గట్టిగా ఉంది. పలకలేదు.

మళ్ళీ లాగాను. బరువుగా ఉంది కాని పలకలేదు.

అదే బరువు. నా చేతులకు ఆ బరువు తెలుసు. తిరిగి చూస్తే, తాడు నా నడుమునుంచి వెనక్కి స్తంభం దాకా పోయి, దాన్ని చుట్టి, గరుకు అంచులో ఇరుక్కుని, అక్కడినుంచి సొరంగంలోకి పోతోంది. నేను లాగితే స్తంభాన్ని లాగుతున్నాను. అవతల ఆ బాబు లాగినా స్తంభాన్నే లాగుతాడు. ఆయన చేతికీ ఇదే బరువు. ఆయనకూ జవాబు లేదు.

అప్పుడు నాకు నా భయం పోయి ఆయన భయం పట్టుకుంది. ఆయనకు ట్యాంకు సంగతి చెప్పాను. ఇద్దరూ పైకి వచ్చారు, ఒక్కడే లేచాడు అని చెప్పాను. దిగొద్దన్న మేస్త్రీ మాటా చెప్పాను. కాని ఆయన మేస్త్రీ జట్టులో పనిచేసినవాడు కాదు. నా మనిషి. దిగుతాడు.

ముడి విప్పబోతే వేళ్ళు జారిపోతున్నాయి. నూనె. డాలు పారేసి రెండు చేతులూ ఇసుకలో ముంచి, మళ్ళీ పట్టాను. ముడి వచ్చింది. సొరంగం వైపు పరుగెత్తాను. పొగంతా అక్కడే, ఆ వంపు కింద పేరుకుని ఉంది. వంగి నాలుగడుగులు వేశానో లేదో కాలికి ఏదో మెత్తగా తగిలింది.

పట్టీ తెంపి టోపీ తీసేశాను. తీశాక జనం అరుపు మొత్తం నా తల మీద పడింది. వేలమంది గ్రీకులు, ఒక్కడూ నిజంగా లేడు. తడిమాను. టై తగిలింది. మొహం తడిగా, వెచ్చగా ఉంది. సాగదీసిన తాడే కాళ్ళకు అడ్డం పడి, రాతి గోడకు తల కొట్టుకుంది ఆయనకు.

"బాబూ! బాబూ!" అని అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. ఊపిరి ఉందేమోనని ముక్కు దగ్గర చెంప పెట్టాను. ఆ వేడి గాలిలో, ఆ పొగలో ఏ గాలి ఎవరిదో తెలియలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టాను. చేతిలో కొట్టుకుంటున్నది ఆయన గుండో నాదో తెలియలేదు.

చంకల కింద చేతులు వేసి లాగితే, నా ఒంటి నూనె ఆయన చొక్కాకు అంటి, పట్టు తప్పి ఆయన తల నేలకు తగిలింది. అయ్యో అనుకున్నాను. మళ్ళీ ఇసుక. అరచేతులకు, మోచేతులకు, ఛాతీకి రుద్దుకున్నాను. ఆయన నేర్పిన కుస్తీ పట్టే, ఆయన మీదే పట్టాను. ఈసారి జారలేదు. తలుపు దాకా ఈడ్చాను.

తలుపుకు పిడి లేదు. గుద్దాను. భుజంతో కొట్టాను. శబ్దం బయటికి పోకుండా స్పాంజి పరిచిన తలుపు అది, నా గుద్దులు దాని కడుపులోనే పోతున్నాయి. అవతల నడవాలో ఉండాల్సిన ఒక్క మనిషి నా కాళ్ళ దగ్గర ఉన్నాడు.

టోపీ దగ్గరికి పాకి వెళ్ళి ఆ గోరంత మైకులో అరిచాను. "మేడమ్! ఓపెన్! డోర్ ఓపెన్! బాబు పోతున్నాడు!" ముందు గదిలో వాళ్ళు ఏం విన్నారో తరవాత మేడమ్ చెప్పింది. జనం హోరులో కలిసిపోయి ఎవరో ఆటగాడు బొబ్బలు పెడుతున్నట్టు వినిపించిందట. నా గుండె దడదడ వింటూ ఒకాయన కుర్చీ అంచుకు వచ్చేశాడట. ఇంకొకాయన చప్పట్లు కొట్టాడట.

చప్పట్లు నాకు వినపడలేదు. కాని వాళ్ళు రావడం లేదని తెలుస్తోంది. ఇంకా గట్టిగా అరిస్తే ఇంకా బాగుందనుకుంటారు. ఎంత అరిచినా ఆటలో భాగమే. ఆ చీకట్లో, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, నాకు మేస్త్రీ గొంతు గుర్తుకు వచ్చింది. పైవాడు లోపలి అరుపుకు లేవడు. తాడు పలకకపోతే లేస్తాడు.

ఛాతీ మీది వైర్లు గుప్పిట్లో పట్టుకుని ఒక్క పెట్టున పీకేశాను. నడుముకున్న పెట్టెను గోడకేసి కొట్టాను. టోపీలో మైకును తెంపేశాను.

ముందు గదిలో గుండె చప్పుడు ఆగిపోయింది. ఊపిరి ఆగిపోయింది. ఉత్త జనం అరుపు మిగిలింది.

మేడమ్ చెప్పిన మాట, "అంకుల్, చచ్చిపోయావనుకున్నాను." హెడ్‌ఫోన్లు విసిరేసి, ఎత్తు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చుట్టూ తిరిగి నడవాలోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. అందరిలోకీ ఆ రోజు నిజంగా బాగా పరుగెత్తింది ఆవిడే. తలుపు తెరుచుకుంది. ట్యూబులైటు వెలుగు. చల్లటి ఏసీ గాలి. ఆ గాలి నాకు ఇప్పటికీ గుర్తే, నూనె ఒంటి మీద మంచులా తగిలింది.

ఆయన్ను నడవాలో పడుకోబెట్టాం. కదల్లేదు. మొహం మీద నెత్తురు, పెదవులు బూడిద రంగు. అంబులెన్సు వాళ్ళు వచ్చి ఏవేవో చేశారు. వాళ్ళ మొహాలు చూస్తే ఏమీ అంతు పట్టలేదు. వాళ్ళలో ఒకతను కత్తెర తీసి ఏదో కత్తిరించాడు. చూస్తే తాడు. ఆ బాబు కుడి చేతి పిడికిలిలోంచి వేలాడుతోంది. పడ్డా, తల పగిలినా, నేను ఈడ్చినా వదల్లేదు. పిడికిలి విప్పబోతే విడిపోలేదు. సరేలే అని అలాగే వదిలేసి, స్ట్రెచరు మీదికి ఎక్కించారు.

నేను గోచీతో, ఒళ్ళంతా మట్టితో స్ట్రెచరు పక్కన నడుస్తున్నాను. నడవాలో ఆఫీసువాళ్ళు గోడలకు అతుక్కుని దారి ఇస్తున్నారు. ఆయన చేతిలోంచి మూరెడు తాడు వేలాడుతూ నా మోకాలికి తగులుతోంది. దాన్ని ముట్టుకోవాలంటే భయం వేసింది. ట్యాంకు రోజు కన్నా ఎక్కువ భయం. లాగకుండా ఉంటే, పలకలేదని తెలియదు కదా. తెలియనంతసేపు మనిషి ఉన్నట్టే కదా.

లిఫ్టు దగ్గర ఆగారు. తాడు కొస పట్టుకున్నాను. ఒక్కసారి లాగాను.

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. స్ట్రెచరు లోపలికి తోస్తున్నారు. నా చేతిలో తాడు బిగిసింది. స్ట్రెచరు కదలడం వల్ల అనుకున్నాను. లోపల ఆగాక, మళ్ళీ బిగిసింది. సన్నగా, చంటిపిల్ల వేలు పట్టుకుని లాగినట్టు, ఒక్కసారి.

"హీ ఈజ్ దేర్!" అని అరిచాను. అదేం ఇంగ్లీషో నాకు తెలియదు. అంబులెన్సతను నా భుజం తట్టాడు. నేను లిఫ్టులోనే కూలబడి ఏడ్చాను.

ఆయన బతికాడు. నుదుటి మీద కుట్లు, కొన్నాళ్ళు తలనొప్పి. అంతే, అల్లా దయ. ఆసుపత్రిలో నన్ను చూడగానే, "దిగొద్దన్నవు కదా, యాదికున్నది అన్నా. కాని కాళ్ళు ఆగలే" అన్నాడు.

కొనేవాళ్ళు ఆ గదిని కొంటామన్నారట. కింద పడ్డ చప్పుడు, ఆ తరవాతి గుండె, ఆ అరుపులు ఉంచేయమన్నారట. అంత బాగా ఎవరూ పరుగెత్తలేదన్నారట. మేడమ్ ఆ మాట నాతో చెబుతూ తలదించుకుంది. ఇంజనీరు బాబు ఆసుపత్రినుంచి వచ్చి, కంప్యూటరు దగ్గర కూర్చుని, ఆ రోజుది మొత్తం చెరిపేశాడు. మేడమ్ పక్కనే నిలబడి చూసింది. ఆపలేదు. బేరం పోయింది. కొన్నాళ్ళకు ఆ కంపెనీలాంటివన్నీ ఒకదాని తరవాత ఒకటి మూతపడ్డాయి, మాది వాటికన్నా కాస్త ముందు పడింది. నేను వేరే ఆఫీసుల్లో తుడిచే పనిలో చేరి, ఆ పనిలోనే రిటైరయ్యాను. టోపీ ఏమైందో తెలియదు. అందులో అన్నం మాత్రం తినలేదు.

ఆయన ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాడు. జుట్టు నెరిసిందట. మేము ఫోనులో పెద్దగా మాట్లాడుకోం. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఆయన ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు. నేను ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాను. మా మనవరాలు నవ్వుతుంది. "తాతా, వాట్సాప్ ఉంది కదా, వై లైక్ దట్ వన్?" అంటుంది.

ఒక్కో శుక్రవారం ఆయన మరిచిపోతాడు. అప్పుడు నేనే ముందు ఇస్తాను. ఒక్క రింగు, పెట్టేస్తాను. బల్ల మీద ఫోను పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంటాను. కింద పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, పైన రైలు పోతూ ఉంటుంది, అవేవీ నాకు వినపడవు. నా ఊపిరే వినపడుతుంది, ఆ ఫోను మోగేదాకా.